చుక్కల పైడికంటె, అడవి పైడికంటె: పొరపడకుండా గుర్తుపట్టడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పిట్టల ఫోటోలు పంపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "చింతచెట్టు మీద చిన్న గూబ కనిపించిందండీ, ఇది చుక్కలదా, అడవిదా?" ఫోటో తెరిస్తే మునిమాపు వెలుగులో ఒక నల్లటి ముద్ద, రెండు పసుపు కళ్లు. పసుపు కళ్లు రెండింటికీ ఉంటాయి కాబట్టి ఆ ఫోటోతో ఏమీ తేలదు. ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో ముందే తెలిస్తే ఆ కాస్త వెలుగులోనే పని అయిపోతుంది.

ఇక్కడ చెప్పేది రెండు చిన్న గూబల గురించే. మొదటిది చుక్కల పైడికంటె, యాప్‌లలో స్పాటెడ్ ఔలెట్ అని ఉంటుంది. రెండోది అడవి పైడికంటె, అంటే జంగిల్ ఔలెట్. రెండూ ఒకే కుటుంబంలోవి. రెండింటికీ తల మీద చెవుల్లాంటి ఈకల కుచ్చులు ఉండవు. రెండూ 20 సెంటీమీటర్లకు అటూఇటూగా, గోరింక కంటే కాస్త పొట్టిగా ఉంటాయి.

## 1. బయలుదేరే ముందు

ఖర్చు పెట్టి కొనాల్సినవి పెద్దగా లేవు. బైనాక్యులర్ ఒక్కటి మంచిది దొరికితే చాలు. 8x42 రకం (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) తీసుకోండి. సంధ్య వెలుగులో 10x50 కంటే అదే చేతిలో కదలకుండా నిలుస్తుంది.

- బైనాక్యులర్, దాని అద్దాలు తుడిచే మెత్తని గుడ్డ
- చిన్న టార్చి, దాని ముందు ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు
- ఫోన్‌లో రికార్డింగ్ యాప్, ఖాళీ స్టోరేజీ
- చిన్న నోట్‌బుక్, పెన్సిల్ (మంచులో పెన్ను మొరాయిస్తుంది)
- మడమ దాటే బూట్లు, పొడుగు ప్యాంటు
- పక్కన ఇంకో మనిషి

బూట్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. గూబలు తిరిగే వేళే రక్తపింజర, కట్లపాము కూడా తిరుగుతాయి. గట్టు మీద నడిచేటప్పుడు టార్చి చెట్టు మీదకు కాదు, కాళ్ల ముందు వేయాలి.

ఉద్దానం జీడితోటల్లోకి, మందస, వజ్రపుకొత్తూరు వైపు అయితే ఇంకో జాగ్రత్త. జీడిమామిడి, పనస పండే రోజుల్లో అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. చీకటి పడ్డాక ఆ తోటల లోపలికి వెళ్లొద్దు. రోడ్డు అంచునే నిలబడి వినండి.

తోట ఎవరిదో వాళ్లకు ముందే ఒక మాట చెప్పండి. మునిమాపువేళ టార్చి వేసుకుని కొత్త మనిషి చెట్ల మధ్య తిరిగితే దొంగ అనుకుంటారు. చెప్పి వెళితే ఆ రైతే "అదిగో, ఆ ఇప్పచెట్టు తొర్రలో రోజూ కూర్చుంటాది" అని చూపించేస్తాడు. మీ పని సగం అక్కడే తగ్గిపోతుంది.

## 2. ఎప్పుడు, ఎక్కడ

నేర్చుకునేవాళ్లకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. చుక్కలది నవంబరు నుంచి ఏప్రిల్ లోపు, అడవిది ఎక్కువగా మార్చి నుంచి మే లోపు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో రెండూ గొంతు విప్పుతాయి. పైగా కొండవాలు చెట్లు ఆకు రాల్చి ఉంటాయి, కొమ్మ మీద పిట్ట బోసిగా కనబడుతుంది.

పొద్దుగూకడానికి గంట ముందు అక్కడ ఉండాలి. మన దగ్గర డిసెంబరులో పొద్దు ఐదున్నర లోపే గూకుతుంది, జూన్ మొదట్లో ఆరున్నర దాకా ఉంటుంది. తెల్లవారుజాము కూడా మంచిదే. ఎవరైనా అడిగితే నేను తెల్లవారుజామే చెబుతాను, ఎందుకంటే ప్రతి నిమిషానికీ వెలుగు పెరుగుతుంది. సాయంత్రం అయితే తేడా తేలేలోపు చీకటి పడుతుంది.

చుక్కలది మనుషుల దగ్గరే ఉంటుంది. పాత చింతచెట్లు, రావిచెట్లు, మర్రిచెట్లు, పాడుబడ్డ పెంకుటిళ్లు, పాత గోడల్లో కన్నాలు, వీధి దీపాల చుట్టూ పురుగులు, ఇవి ఉంటే చాలు. విజయనగరం కోట పరిసరాల్లోని పాత గోడల దగ్గర, శ్రీకాకుళంలో నాగావళి గట్టు చెట్ల మీద, ఊరి బయట బడి ఆవరణల్లో వెతకండి. దట్టమైన అడవిలోకి ఇది పోదు.

అడవి పైడికంటెకు చెట్లు ఒత్తుగా కావాలి. శృంగవరపుకోట (ఎస్.కోట) దగ్గర పుణ్యగిరి వాలు, తాటిపూడి జలాశయం వెనక కొండల వైపు, మందస నుంచి మహేంద్రగిరి పాదాల వైపు ఉండే అడవులు, ఇలాంటి చోట్లు చూడండి. గెడ్డ (కొండవాగు) పక్కన పెద్ద చెట్లున్న చోట నిలబడటం మంచిది.

తిరకాసు అంతా మధ్య భూమిలో ఉంది. కొండ దిగగానే మామిడితోట, తోట దాటితే ఊరు. అక్కడ రెండూ ఉండొచ్చు. ఒకే సాయంత్రం ఊరి వైపు నుంచి చుక్కలది, కొండ వైపు నుంచి అడవిది వినిపించే చోట్లు ఇవే. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు గానీ, "ఊరి పక్కన కనబడింది కాబట్టి చుక్కలదే" అని రాసేసేది కూడా ఇక్కడే.

## 3. ముందు పిట్టను దొరకబుచ్చుకోండి

గూబను వెతకొద్దు, దాని ఆనవాళ్లు వెతకండి.

- తొర్ర అంచున, కాండం మీద సున్నం చిలికినట్టు తెల్లటి రెట్ట చారలు
- చెట్టు కింద వేలి కణుపంత బూడిదరంగు ఉండలు. విప్పితే పురుగుల రెక్కల పెంకులు, చిట్టెలుక ఎముకలు ఉంటాయి
- పగటిపూట ఒకే కొమ్మ చుట్టూ పికిలిపిట్టలు, గోరింకలు, ఏట్రింతలు చేరి గోల చేయడం

ఆ గోల వినబడితే పరుగెత్తకండి. పిల్లినో, పామునో, డేగనో చూసి కూడా అవి అలాగే అరుస్తాయి. దూరంగా ఆగి, అవి ఏ కొమ్మ వైపు ముక్కు పెట్టి అరుస్తున్నాయో చూడండి. ఆ వరుసలోనే కాండానికి ఆనుకుని ఒక గోధుమరంగు గుండ్రని ఆకారం ఉంటుంది.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి: రెట్ట, ఉండలు, గోల ఇవన్నీ "ఇక్కడ గూబ ఉంది" అని చెబుతాయే గానీ ఏ గూబో చెప్పవు.

తొర్రలు ఎక్కడ ఉన్నాయో ఊరి పెద్దవాళ్లకు తెలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు లెక్కలేనన్ని కూలాయి. ఆ ప్రాంతంలో పాత నోట్సు పట్టుకుని వెళ్లేవాళ్లు, ఆ చెట్లు ఇంకా నిలబడి ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి.

## 4. చూడాల్సిన వరుస

పిట్ట దొరికింది. అది ఎగిరిపోవడానికి మీకు అర నిమిషమే ఉందనుకోండి. కళ్లలోకి చూస్తూ ఉండిపోకండి. అందరూ చేసేది అదే, ఆ కళ్లు అలా కట్టేస్తాయి. చూపు నెత్తి మీదకు తీసుకెళ్లండి.

### 4.1 నెత్తి

అన్నింటికన్నా నమ్మదగ్గ గుర్తు ఇది.

చుక్కల దానికి బూడిద కలిసిన గోధుమరంగు నెత్తి మీద చిన్న చిన్న తెల్లని చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్క విడివిడిగా, నువ్వుగింజలు చల్లినట్టు కనబడుతుంది.

అడవి దానికి చుక్కలుండవు. నుదురు నుంచి మెడ దాకా సన్నని అడ్డగీతలు, ఒకదాని కింద ఒకటి, దగ్గరదగ్గరగా ఉంటాయి. అవే గీతలు ఆగకుండా వీపు మీదకు కూడా దిగుతాయి.

దూరం ఎక్కువైతే చుక్కలు కలిసిపోయి గీతల్లా కనిపిస్తాయి. అనుమానంగా ఉంటే పది అడుగులు దగ్గరకు జరిగి మళ్లీ చూడండి. అది తల పైకీ కిందకీ ఆడించడం మొదలుపెడితే అంతటితో ఆగండి, మిమ్మల్ని గమనించింది.

### 4.2 మెడ వెనక

గూబ తల తిప్పే దాకా ఆగండి, ఎలాగూ తిప్పుతుంది. చుక్కల దానికి మెడ వెనక తెల్లటి పట్టీ ఉంటుంది. అది పూర్తి గుండ్రం కాదు, సగం పట్టీ, అక్కడక్కడ తెగి ఉంటుంది. అడవి దానికి అంత స్పష్టమైన పట్టీ ఉండదు, గీతలే సాగుతాయి.

వీపు తిప్పుకుని కూర్చున్న పిట్టను చూసి చాలామంది విసుక్కుంటారు. ఈ రెండింటి విషయంలో వీపు కనబడటమే మేలు. ముఖం కంటే నెత్తి, మెడ, వీపు ఎక్కువ చెబుతాయి.

### 4.3 ముఖం

చుక్కల దాని కళ్లపైన తెల్లటి కనుబొమలు మందంగా ఉంటాయి. ముఖం పక్కలు తెల్లబారి, ముఖం వేరే అతికించినట్టు తెలుస్తుంది. ఆ కనుబొమల వల్లే ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు ఉంటుంది.

అడవి దాని కనుబొమలు సన్నం. ముఖం మీద కూడా గీతలే కాబట్టి ముఖం ఎక్కడ ముగిసి తల ఎక్కడ మొదలైందో సరిగ్గా తెలియదు. తల గుండ్రంగా, మెత్తగా కనిపిస్తుంది.

### 4.4 రొమ్ము, పొట్ట

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. పేరులో చుక్కలున్నాయి కదా అని పొట్ట మీద తెల్ల చుక్కలు వెతుకుతారు. చుక్కల దాని పొట్ట మీద తీరు తిరగబడి ఉంటుంది. తెల్లటి నేల మీద గోధుమరంగు మచ్చలు తెగి తెగి వరుసలు కడతాయి. వరుసల మధ్య తెలుపు బాగా కనబడుతుంది.

అడవి దాని రొమ్ము మీద, పక్కల మీద అడ్డగీతలు ఒత్తుగా ఉంటాయి. రొమ్ము పైభాగంలో, పొట్ట నడిమిలో మాత్రం గీతలు లేని తెల్లటి జాగా ఉంటుంది. ఎదురుగా చూసినప్పుడు ఆ తెలుపు ఒక్కటే కొట్టొచ్చినట్టు కనిపించి, "తెల్ల మచ్చలున్నాయి, చుక్కలదే" అనిపిస్తుంది. ఆ తెలుపుకు అటూఇటూ పక్కలను చూడండి. అక్కడ గీతలు ఆగకుండా సాగుతుంటే అడవిదే.

### 4.5 రెక్క

అడవి దాని రెక్క ఈకల్లో రాగి రంగు ఉంటుంది. ఎగిరినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. చుక్కల దాని రెక్కలో ఆ ఎరుపు ఉండదు, మట్టి రంగు మీద తెల్ల మచ్చలే.

పసుపు వీధిదీపం కింద ఈ గుర్తు నమ్మొద్దు. ఆ వెలుగులో పావురం కూడా రాగి రంగులో ఉంటుంది.

### చెట్టు కిందే అడగాల్సిన ప్రశ్నలు

- నెత్తి మీద చుక్కలా, గీతలా?
- మెడ వెనక తెల్ల పట్టీ ఉందా?
- కనుబొమలు మందమా, సన్నమా?
- పక్కల మీద గీతలు తెగాయా, సాగాయా?
- రెక్కలో రాగి రంగు ఉందా? ఏ వెలుగులో చూశాను?

మొదటి నాలుగింటిలో కనీసం రెండు ఒకే జవాబు చెప్పాలి. వాటిలో ఒకటి నెత్తి అయితే ఇక సందేహం అక్కర్లేదు.

## 5. గొంతు

చీకటి పడ్డాక మిగిలేది ఇదే. నిజానికి గొంతు బాగా పట్టుబడినవాళ్లకు బైనాక్యులర్ అవసరం సగమే.

చుక్కల దాని అరుపు గరుకుగా, గొడవగా ఉంటుంది. "చిర్ర్... చిర్ర్... చిర్ర్" అని మొదలై మధ్యలో "చీవక్, చీవక్" అని తగులుతుంది. ఒకటి అరిస్తే పక్కది అందుకుంటుంది. రెండు మూడు కలిస్తే ఇంటి వెనక ఎవరో పోట్లాడుకుంటున్నారా అనిపిస్తుంది. దీనికి తాళం, లయ ఏమీ ఉండవు.

అడవిది లయ తప్పదు. "కవ్... కవ్... కవ్" అని ఆగి ఆగి మొదలుపెడుతుంది. తర్వాత "కవ్‌కుక్, కవ్‌కుక్, కవ్‌కుక్" అని వేగం అందుకుంటుంది. పాత మోపెడ్ మొదట దగ్గి దగ్గి, ఆపైన ఒక్కసారిగా అందుకున్నట్టు ఉంటుంది. కాసేపటికి సన్నగిల్లి ఆగిపోతుంది. మబ్బు పట్టిన రోజు, ఒక్కోసారి మామూలు పగలు కూడా కూస్తుంది.

దీన్ని కంసాలిపిట్టతో కలిపేస్తుంటారు. కంసాలిపిట్ట "టుక్, టుక్, టుక్" అని అదే పనిగా ఒకే వేగంతో కొడుతుంది. వేగం మారిందా లేదా అన్నదే పరీక్ష. అందుకే కూత మొదటి నుంచి చివరి దాకా వినండి. మధ్యలో రెండు ముక్కలు విని తీర్మానించొద్దు.

రికార్డింగ్ ఇలా చేయండి:

1. ఫోన్‌ను చేతిలో పట్టుకోకుండా గట్టు మీదో, బండి సీటు మీదో పెట్టండి. వేళ్ల రాపిడి కూత కంటే గట్టిగా పడుతుంది.
2. మైకు ఉన్న అంచును పిట్ట వైపు తిప్పండి.
3. కూత ఆగాక కూడా కొన్ని క్షణాలు నడవనివ్వండి, ఇంకో పిట్ట బదులు ఇవ్వొచ్చు.
4. చివర్లో తారీకు, టైము, ఊరు మీ గొంతుతోనే చెప్పి ఆపండి. ఇంటికొచ్చాక ఏ ఫైలు ఏదో అన్న టెన్షన్ ఉండదు.

పోల్చుకోవడానికి పిట్టల కూతలు దాచిపెట్టే జీనో-కాంటో వెబ్‌సైట్‌లో రెండింటి కూతలూ ఉన్నాయి. ఇంట్లో వినండి, ఇయర్‌ఫోన్స్‌తో వినండి. చెట్టు కింద ఫోన్‌లో కూత పెట్టి పిట్టను పిలవొద్దు. తన చోటులోకి వేరే గూబ వచ్చిందనుకుని అది గూడు వదిలి తిరుగుతుంది. గుడ్లు, పిల్లలున్న రోజుల్లో ఆ కాసేపూ కాకికి చాలు.

## 6. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సర్దుబాటు

"పగలు కనబడింది, కాబట్టి అడవిదే." చుక్కలది కూడా పగలు తొర్ర అంచున చలి కాచుకుంటూ కూర్చుంటుంది. పగలు అన్నది గుర్తు కాదు. 4.1కి వెళ్లండి.

"చిన్నగా ఉంది, కాబట్టి..." పరిమాణంతో వీటిని విడదీయలేరు. రెక్కలు ముడిస్తే చిన్నగా, చలికి ఈకలు ఉబ్బిస్తే పెద్దగా కనబడేది ఒకే పిట్ట.

పిల్లలను చూసి తికమక. ఫిబ్రవరి దాటాక తొర్రల బయట పిల్లలు కూర్చుంటాయి. చుక్కల దాని పిల్లలకు చుక్కలు మసకగా ఉంటాయి. పిల్లను వదిలేసి, దానికి మేత తెచ్చే పెద్దదాన్ని చూడండి.

మూడో గూబను మరచిపోవడం. చెవుల్లాంటి కుచ్చులు, ముదురు కళ్లు ఉంటే అది స్కాప్స్ గూబ. ముఖం తెల్లగా, హృదయం ఆకారంలో, కళ్లు నల్లగా ఉంటే చావిళ్లలో తిరిగే బార్న్ ఔల్. కళ్లు పసుపే గానీ తోక పొడుగు, డేగలాంటి ఆకారం, కాకికి కాస్త దగ్గరగా ఉంటే అది బ్రౌన్ హాక్ ఔల్. ఈ మూడూ కాదని తేలాకే మన రెండింటి మధ్య తేల్చాలి.

యాప్ చెప్పిందని రాసేయడం. మెర్లిన్ లాంటి యాప్ మసక ఫోటోకు కూడా ఏదో ఒక పేరు ఇస్తుంది. ఆ పేరును ప్రశ్నగా తీసుకోండి, మీరు చూసిన గుర్తులతో సరిపోతేనే ఒప్పుకోండి.

## 7. ఫోటో తీసేవాళ్లకు నాలుగు మాటలు

ఫ్లాష్ వద్దు. తెల్ల టార్చి కూడా నేరుగా ముఖం మీద వేయొద్దు, కాసేపు దానికి చూపు ఆనదు. ఎర్ర కాగితం కట్టిన టార్చి, అదీ పక్కగా, క్షణం సేపు చాలు.

ముఖం ఫోటో ఒకటి తీయగానే ఆపేయకండి. తల తిప్పినప్పుడు నెత్తి, వీపు కనబడేలా ఒకటి, పక్క నుంచి ఒకటి తీయండి. గుర్తింపుకు పనికొచ్చేవి అవే. ఆకాశం వెనక ఉంటే వెలుగు ఒకటి రెండు మెట్లు పెంచి తీయండి. పిట్ట వెనక ఆకాశం తెల్లబోయినా పర్లేదు, ఈకల మీద గీతలు తెలియాలి.

గూడు దగ్గర కొమ్మలు విరిచి అడ్డు తీయడం ఎంతమాత్రం కూడదు. ఆ ఆకులే దానికి తలుపు.

## 8. చోటు ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు

మంత్రాలకు, పూజలకు గూబలను పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. దీపావళి ముందు ఇది ఎక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూబలను పట్టడం, అమ్మడం నేరం. అయినా ఫోటోతో పాటు చెట్టు లొకేషన్ కూడా అందరూ చూసే చోట పెట్టేస్తే మనమే దారి చూపినట్టు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపి తీయండి. పోస్టులో మండలం పేరు దాకా చాలు, గూడు చెట్టు వద్దు.

ఊళ్లోనూ కాస్త చూసి మాట్లాడాలి. ఇంటి మీద గూబ అరిస్తే కీడు అని రాళ్లు వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. "మీ పెరట్లో గూబ ఉంది" అని కొత్తగా చెప్పి భయపెట్టడం కన్నా, "ఎలుకలు తినే పిట్ట ఇది, చేలో మీకు పనిచేసిపెడుతుంది" అని మొదలుపెట్టండి. అబద్ధమేమీ కాదు, పురుగులు, చిట్టెలుకలే వీటి తిండిలో ముఖ్యం.

కింద పడిన పిల్ల కనబడితే ఇంటికి తీసుకుపోయి పాలు, అన్నం పెట్టొద్దు. దెబ్బ తగలకపోతే అదే చెట్టు తొర్రలోనో, పిల్లికి అందని కొమ్మ మీదో పెట్టి దూరం జరగండి. మనిషి చెయ్యి తగిలిందని తల్లి వదిలేయదు. దెబ్బ తగిలి ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి అటవీశాఖ వాళ్లకు అప్పగించండి.

## 9. నోట్‌బుక్‌లో ఏం రాయాలి

పేరు చివర్లో రాయండి. ముందు చూసింది రాయండి, లేకపోతే పేరు రాసేశాక గుర్తులు దానికి తగ్గట్టు మనమే కల్పించుకుంటాం.

- తారీకు, టైము, వెలుగు ఎలా ఉంది
- ఊరు, మండలం, చెట్టు రకం
- నెత్తి, మెడ, పక్కలు: చూసింది చూసినట్టు
- కూత: వేగం మారిందా
- ఎన్ని పిట్టలు, ఏం చేస్తున్నాయి
- ఎంత నమ్మకం: ఖాయం / బహుశా / తెలియదు

తెలియకపోతే "పైడికంటె, ఏదో తేలలేదు" అనే రాయండి. చూసిన పిట్టలను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో కూడా జాతి తేలని గూబగా నమోదు చేయొచ్చు. తప్పు పేరుతో ఉన్న పది నమోదుల కన్నా ఇలాంటిది ఒకటి ఎక్కువ పనికొస్తుంది.

జిల్లా పేరు దగ్గర మాత్రం చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక పాలకొండ, సీతంపేట శ్రీకాకుళం నుంచి, సాలూరు, కురుపాం విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం విజయనగరంలో కలిసింది. కొండ వైపు అడవి పైడికంటె పాత నమోదులు పోల్చి చూసేటప్పుడు జిల్లా పేరుతో వెతికితే సగం దొరకవు, మండలం పేరుతో వెతకండి.